పదో టబ్బు

గోదావరిఖనిలో బొగ్గు గని, అక్కడివాళ్ళ మాటలో బాయి, తెరిచిన కొత్తలో బొగ్గు నింపేవాళ్ళకు పేరుతో పనిలేదు, బిళ్ళతోనే పని. షిఫ్టు మొదట్లో ఎవరి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు వాళ్ళకు ఇచ్చేవారు. వాటిని తీగకు గుచ్చి, నడుముకు కట్టుకొని లోపలికి దిగేవారు. పట్టాల మీది ఇనుప టబ్బు బొగ్గుతో నిండగానే దాని కొక్కేనికి తన బిళ్ళ తగిలించాలి. ట్రామర్లు టబ్బును నెట్టుకుపోతారు, తాడు దాన్ని పైకి లాగుతుంది, పైన మున్షీ బిళ్ళ చూసి ఆ టబ్బు ఎవరిదో రాసుకుంటాడు. కూలి దాని మీదే. చీకట్లో ఎవరు నడుం విరగ్గొట్టుకున్నారో పైవాళ్ళకు కనపడదు. అందుకని బాయిలో బిళ్ళ మార్చడాన్ని మించిన దొంగతనం లేదు. తాగి డ్యూటీకి వచ్చినవాణ్ణి తిట్టి ఊరుకునేవారు. ఒకడు నింపిన టబ్బు మీద తన బిళ్ళ వేసుకున్నవాణ్ణి మాత్రం కొట్టేవారు.

తీతు ఈ పనిలో చేరేనాటికి ఇరవై దాటాయి. తండ్రి బెల్లంపల్లి బాయిల్లో పనిచేసి పోయినవాడు. ఆయన చదువుకోలేదు. ఆదివారం ప్రార్థన గుడిలో చెవిన పడిందే ఆయనకు తెలిసిన వాక్యం. విన్నవాటిలో ఒకదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. వచ్చినదాంట్లో పదో పాలు దేవునిది. జీతం రోజు ఇంటికి రాగానే చేతులు కడుక్కొని, ముందు దేవుని పాలు తీసి గూట్లో పెట్టేవాడు. ఇంట్లో జొన్నలు లేని రోజున కూడా ఆ గూటివైపు ఎవరి చెయ్యీ పోనిచ్చేవాడు కాదు. కోడి పెట్టిన పదో గుడ్డు సువార్త చెప్పే అయ్యగారి ఇంటికి వెళ్ళేది. "మన చేతిలకు వచ్చిందల్లా మనది గాదు కొడుకా" అనేవాడు. తీతు ఆ మాట వింటూ పెరిగాడు. పెద్దవాడయ్యాక దాని గురించి వేరేగా ఆలోచించవలసిన అవసరం అతనికి రాలేదు.

సుసన్నాను చేసుకున్నాక, కూతురు సుగుణమణి పుట్టాక కూడా అది మారలేదు. జీతం వచ్చిన ఆదివారం, పాస్టరు యేసుదానం అయ్యగారి కానుకల సంచి తన ముందుకు రాగానే పదో పాలు అందులో వేసేవాడు. సుసన్నా వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కకు పెట్టేది. ఇద్దరికీ ఆ ఇవ్వడంలో బరువు తెలిసేది కాదు.

తీతుకు బాయి పని నేర్పినవాడు రాయమల్లు. రామగిరి వైపు పల్లెలో సేద్యం చేసి, బావి ఎండిపోయి, ఎడ్లను అమ్ముకొని వచ్చిన మనిషి. తట్ట ఎత్తేటప్పుడు ఊపిరి ఎక్కడ బిగించాలో, పార ఎట్లా పట్టాలో, పైకప్పును కర్రతో తట్టి ఆ చప్పుడును బట్టి దాని కింద నిలబడవచ్చో లేదో ఆయనే చెప్పాడు. "మీ యేసు పైన ఉంటడు గని, గీ కప్పును నువ్వే సూసుకోవాలెరా" అనేవాడు. తీతు ఆయన్ను కాకా అని పిలిచేవాడు. ఒకరోజు కప్పు పెళ్లలుగా ఊడి పడుతుంటే రాయమల్లు అతని చొక్కా పట్టి వెనక్కి లాగాడు. ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

ఆరేడేళ్ళకు రాయమల్లుకు దమ్ము పట్టుకుంది. నాలుగు తట్టలు ఎత్తితే కూలబడేవాడు. నోటి నుంచి నల్లగా పడేది. బాయిలో దానికి ఒకటే దారి. టబ్బులు మరీ తగ్గినవాణ్ణి దవాఖానకు పంపుతారు. డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి వింటాడు. అన్‌ఫిట్ అని రాస్తాడు. మర్నాటి నుంచి ఆ మనిషి గేటు బయట మనిషి. రాయమల్లుకు ఊళ్ళో భూమి లేదు, ఇక్కడ ఇల్లు లేదు. భార్య పోశవ్వ, ఇంకా మీసం రాని కొడుకు సదయ్య ఉన్నారు.

ఒక మధ్యాహ్నం షిఫ్టులో రాయమల్లు సగం నిండిన టబ్బు పక్కన కూర్చుండిపోయాడు. తీతు తన టబ్బు నింపి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"కాకా, నీ బిళ్ళ ఒకటి ఇటియ్యి."

"ఎందుకురా?"

"నా టబ్బుకు తగిలిస్త."

"పిచ్చి లేసిందా? నీకు పెండ్లాం పిల్ల లేరా?"

"అది నాది గాదు కాకా. పదోది. దేవునిది."

రాయమల్లు నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "మీ దేవునికి బొగ్గెందుకురా? ఆడ గూడ పొయ్యిలున్నయా?"

"నీ ఇంట్ల పొయ్యి ఉన్నది గద. ఇయ్యి."

"నేను మల్లన్నకు మొక్కేటోణ్ణి. మీ దేవుని సొమ్ము ముట్టుకుంటే మల్లన్న ఊకుంటడా?"

"ఆయనకు నేను చెప్పుకుంట తియ్యి."

 రాయమల్లు నడుము తీగ విప్పి ఒక బిళ్ళ జార్చి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పటి నుంచి తీతు నింపిన ప్రతి పదో టబ్బూ రాయమల్లు బిళ్ళతో పైకి వెళ్ళింది. పైసలు ఇచ్చి ఉంటే రాయమల్లు పొట్ట నిండేది, హాజరు పట్టీలో పేరు నిలిచేది కాదు. పేరు నిలవాలంటే టబ్బే కావాలి. ఇట్లా ఇస్తున్నానని తీతు ఎవరికీ చెప్పలేదు. ఒకరికి తెలిస్తే బాయికంతా తెలుస్తుంది. బాయికి తెలిస్తే మర్నాడే రాయమల్లును డాక్టరు దగ్గరకు పంపుతారు.

ఆదివారం సంచి ముందుకు వచ్చినప్పుడు తీతు చెయ్యి చిన్నదైంది. యేసుదానం అయ్యగారు రెండు నెలలు చూశాడు. మూడో నెల, ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకుంటున్నవాణ్ణి పక్కకు పిలిచాడు.

"ఏం తీతూ, ఇంట్లో ఇబ్బందా?"

"ఏం లేదయ్యగారు."

"మరి దశమ భాగం?"

"ఇస్తనే ఉన్న అయ్యగారు. వేరే కాడ."

"దేవుని భాగం దేవుని మందిరంలోకి రావాలి గద. వేరే చోటంటే ఏ చోటు?"

తీతు రెండో చెప్పు కూడా వేసుకున్నాడు. అయ్యగారు అతని భుజం తట్టి, ప్రార్థన చేసుకొమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

చలికాలం వచ్చేసరికి పదోది సరిపోలేదు. పొద్దుటి మంచుకు రాయమల్లు ఛాతీ పిల్లి కూసినట్టు కూసేది. తీతు అయిదో టబ్బు ఇచ్చాడు, కొన్ని వారాలు నాలుగోది కూడా ఇచ్చాడు. పదోది ఇచ్చినప్పుడు అతని మనసు నిమ్మళంగా ఉండేది. అయిదోది ఇస్తున్నప్పుడు ఆ నిమ్మళం లేదు. అది ఎవరి పాలులో నుంచి పోతున్నదో అతనికి తెలుసు. ఇంట్లో సుసన్నా జీతం కవరు పట్టుకొని చేత్తో తూచినట్టు చూసేది.

"కల్లు కాంపౌండుకు పోతున్నవా?"

"లేదు."

"పోతున్ననని చెప్పినా మంచిగుండు. ఎందుకు తక్కువైతున్నదో తెలుసు గద అని ఊకుందును."

 ఆమె పిడికెడు బియ్యం పక్కకు పెట్టడం మాత్రం మానలేదు.

డెబ్బై రెండులో వానలు పడలేదు. పల్లెల నుంచి మనుషులు తిండికోసం బాయిల చుట్టూ చేరారు. గేటు బయట పని అడిగేవాళ్ళు పెరిగేకొద్దీ లోపలున్నవాళ్ళ భయమూ పెరిగింది. ఆ నెలల్లోనే ఎవరివో టబ్బులు పోతున్నాయని పుకారు లేచింది. దొంగ దొరకలేదు. బొగ్గు నింపే ఫిల్లర్లు ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ పనిచేశారు.

ఒక పొద్దుటి షిఫ్టులో రాయమల్లు వెనక గ్యాలరీ సొరంగంలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు, లేవలేకపోయాడు. ఆయన బిళ్ళల తీగ కప్పుకు ఊతంగా నిలిపిన దిమ్మెకు వేలాడుతోంది. తీతు టబ్బు నింపి, అలవాటు కొద్దీ తన బిళ్ళ తగిలించాడు. అది కాకకు అనుకున్న టబ్బని తర్వాత గుర్తుకొచ్చింది. తన బిళ్ళ ఊడదీసి, దిమ్మె దగ్గరికి పోయి రాయమల్లు బిళ్ళ ఒకటి తెచ్చాడు. దాన్ని కొక్కేనికి పెట్టబోతుండగా టోపీ దీపం వెలుగు ఒకటి చేతుల మీద పడింది. ట్రామర్ ఎల్లేశం.

"ఏందిరా అది?"

ఎల్లేశం వచ్చి అతని రెండు మణికట్లూ పట్టుకొని పైకెత్తాడు. ఒక చేతిలో తీతు బిళ్ళ. ఇంకో చేతిలో రాయమల్లు బిళ్ళ. టబ్బు కొక్కెం ఖాళీగా ఉంది.

"దొరికినవు కొడుకా! ముసలోని పొట్ట కొట్టవడితివి. దమ్ము తీసుకోను సుత శాతగానోని టబ్బే దొరికిందారా నీకు?"

రెండు బిళ్ళల్లో ఏది తీశావు, ఏది వేయబోయావు అని ఎల్లేశం అడగలేదు. అది అడగవలసిన మాట అని ఎవరికీ తోచలేదు. బాయిలో బిళ్ళ ఒకవైపుకే మారుతుంది. ఇంకోవైపుకు మారిన బిళ్ళను అక్కడ ఎవరూ చూసి ఉండలేదు.

షిఫ్టు దిగాక దీపాల గది ముందు అతన్ని నిలబెట్టారు. ముఖాల మీద బొగ్గు అట్లాగే ఉంది, ఎవరు కొడుతున్నదీ తెలియలేదు. "ఆయితారం అల్లెలూయ, సోమవారం బిళ్ళ చోరీ!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. కొందరు నవ్వారు. తీతు పెదవి చిట్లింది. మనుషుల సందుల్లో నుంచి అతను రాయమల్లును చూశాడు. ఆయన దీపాల గది మెట్టు మీద కూర్చొని ఊపిరికోసం నోరు తెరుచుకొని ఉన్నాడు. మాట్లాడలేకపోతున్నాడని తీతు అనుకున్నాడు. ఆ రోజుకు అది నిజమే.

మూడు రోజుల తర్వాత ఆఫీసులో విచారణ జరిగింది. బల్ల వెనక మేనేజరు దొర, పక్కన గుమాస్తా. ముందు తీతును అడిగారు.

"ఆ బిళ్ళ ఎవరిది?"

"రాయమల్లు కాకది."

"నీ చేతిలోకి ఎట్లా వచ్చింది?"

"నేనే తీసిన."

"ఎందుకు?"

దానికి జవాబు ఉంది. నాలుగు మాటల జవాబు. చెబితే దొర రాయమల్లు వైపు తిరిగి, నువ్వు టబ్బు నింపలేవా అని అడుగుతాడు. తీతు నోరు తెరవలేదు. చెప్పే హక్కు కాకదని అతనికి అనిపించింది. ఆయన చెబితే చెబుతాడు.

దొర రాయమల్లును పిలిచాడు. గుమాస్తా కాగితం తిప్పి, ఈ ఏడాదిలో నీ టబ్బులు బాగా తగ్గాయి, కారణం ఏమిటి అన్నాడు. రాయమల్లు తలగుడ్డ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. తీతు ఆయన చేతుల్నే చూశాడు.

"పోయినయి దొరా" అన్నాడు రాయమల్లు. "నేను నింపినయి నింపినట్టే పోయినయి."

గుమాస్తా రాసుకున్నాడు. తగ్గిన టబ్బులకు కారణం దొరికింది. ఇక డాక్టరు దగ్గరకు పంపవలసిన పనిలేదు. తీతుకు ఆ క్షణంలో కోపం రాలేదు. ఇన్నాళ్ళూ టబ్బు ఒక్కటే ఇచ్చాడు. ఇవాళ రాయమల్లు తనను అడగకుండానే తన పేరు కూడా తీసుకున్నాడు. అది మాత్రం అర్థమైంది.

వారం తిరగకముందే పని పోయింది. కంపెనీ లైనులోని ఇల్లు ఖాళీ చేయమన్నారు.

యేసుదానం అయ్యగారు సామాను కట్టుకుంటున్న ఇంటికి వచ్చాడు. కుర్చీ లేదు. ట్రంకు పెట్టె మీద కూర్చున్నాడు.

"తీతూ, నేను బెల్లంపల్లిలో ఉన్నప్పుడు, చిన్నప్పటి నుంచి నిన్ను చూస్తున్న. మీ నాయన నాకు తెలుసు. నువ్వు చేసినవంటే నాకు నమ్మబుద్ధి అయితలేదు. ఏదన్నా ఉంటే చెప్పు. దొర దగ్గరికి నేను వస్త. నేను మాట్లాడుత."

అయ్యగారు మంచివాడు. అదే కష్టం. వింటే ఊరుకోడు, నిజంగానే వెళ్ళి మాట్లాడతాడు.

"చెప్పేది ఏం లేదయ్యగారు."

"అయితే చేసినవా?"

తీతు తాడు ముడి బిగించాడు.

అయ్యగారు లేచి నిలబడ్డాడు.  "ఒప్పుకొని పశ్చాత్తాపపడే దాకా రొట్టె కోసం ప్రభువు బల్ల దగ్గరకు రావద్దు. ఇది చెప్పడం నాకు ఇష్టం లేదు. చెప్పక తప్పదు." గడప దాటుతూ మళ్ళీ ఆగాడు. "దొంగ సొమ్ములో పదో పాలు దేవుడు తీసుకోడు. అందుకేనా సంచిలో వేయడం మానుకున్నవు?"

ఆయన వెళ్ళాక సుసన్నా తలుపు దగ్గరకు వేసింది. "ఇప్పుడు నాకు చెప్పు" అంది. తీతు ఆమెకు అంతా చెప్పాడు. ఆమె గోడకు ఆనుకొని నిలబడే విన్నది.

"నేను పోత. ఆ రాయమల్లు ఇంటికాడ నిలబడి నలుగురు వినంగ అడుగుత."

"వద్దు. ఇచ్చింది మళ్ళ అడుగుతమా?"

"పదో పాలు ఇచ్చినవు. సరే. దేవునిది దేవునికి పోయింది. మిగిలిన తొమ్మిది ఎవరియి? నీయా?"

తీతు కడుతున్న మూట వదిలాడు.

"అయి గూడ ఆయనయే గద. మమ్మల సాదుమని నీ చేతిల పెట్టిండు. నన్ను, పిల్లను. దానికి నువ్వు జవాబుదారి గాదా? కాకను సూసినవు. మమ్మల ఎవరికి అప్పజెప్పినవు?"

ఆమె అరవలేదు. అతను ఆ రాత్రీ, తర్వాత ఎన్నో రోజులూ ఆ మాటకు సమాధానం వెతుకుతూనే ఉన్నాడు.

రైలు కట్ట దిగువన ఇటుక బట్టీలో పని దొరికింది. పక్కనే గుడిసె వేసుకున్నారు. భార్యాభర్తలు ఇద్దరూ ఇటుక మోసినా వారం గడిచేది కాదు. సుగుణమణిని బడి మానిపించి ఒక గుమాస్తా ఇంట్లో అంట్లు తోమడానికి పెట్టారు. పిల్ల ఏడవలేదు, పలకను మాత్రం ఎవరికీ ఇవ్వనన్నది. ఆదివారాలు ముగ్గురూ గుడికి వెళ్ళేవారు. తీతు వెనక తలుపు దగ్గర కూర్చునేవాడు. రొట్టె పళ్ళెం వరుసల వెంట వచ్చి, అతని ముందు వరుసలో ఆగి, వెనక్కి తిరిగేది. బట్టీ కూలిలో పదో పాలు తీసి సంచిలో వేయబోతే, సంచి పట్టుకున్న పెద్దమనిషి దాన్ని పక్కకు జరిపాడు. అప్పటి నుంచి తీతు ఆ పాలును బట్టీ దగ్గర పడి ఉండే బిచ్చగాళ్ళకు ఇచ్చేవాడు. సుసన్నా దానికి అడ్డుచెప్పలేదు, ఆ వైపు చూడలేదు కూడా.

రెండేళ్ళు గడిచాయి. రాయమల్లు డ్యూటీలో ఉండగానే పోయాడు. టబ్బులు నింపే పని నుంచి తప్పించి, ఆఖరి ఏడాది ఆయన్ను పైన తలుపు దగ్గర కాపలాకు పెట్టారు. దొంగ వల్ల నష్టపోయిన ముసలివాడని అందరికీ జాలి. పేరు హాజరు పట్టీలో ఉండగానే చనిపోయాడు గనుక కొడుకును పనిలోకి తీసుకుంటారని చెప్పుకున్నారు.

పదకొండో రోజు దాటాక, ఒక పొద్దున పోశవ్వ గుడిసె ముందుకు వచ్చింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. వాకిట్లోనే కూర్చుంది. సుసన్నా పొయ్యి దగ్గర, తీతు గుంజకు ఆనుకొని.

"సచ్చే ముంగట చెప్పిండు కొడుకా" అంది పోశవ్వ. "తీతు నాది తియ్యలె, నాకు పెట్టిండు అన్నడు. ఏండ్ల సంది పెట్టిండు అన్నడు. నేను మొగోణ్ణి గాకపోతి, నోరు రాకపాయె అన్నడు. గంతే. మల్ల మాట్లాడలె."

తీతు గుంజ వదిలి ముందుకు వచ్చాడు.

"నేను ఆఫీసుల చెప్త. మీ అయ్యగారికి గూడ చెప్త. నీ పేరు నీకొస్తది. గని సదయ్య కాగితం ఇంక దొర కాడనే ఉన్నది. దస్కతు గాలె. ముసలోనికి శాతగాకున్నా మంది నింపిన టబ్బులతోని పేరు నిలబెట్టుకున్నడని తెలిస్తే, ఆ కాగితం చింపుతరు." కొంగుతో మూతి అదుముకుంది. "నాకేం తోస్తలేదు. నువ్వు చెప్పు. చెప్పుమంటే ఇప్పుడే పోత. ఇట్లనే పోత."

తీతుకు ఆ మాట కావాలనిపించింది. తన బతుకులో దేన్నీ అంతగా కోరుకోలేదు. ఆఫీసు బల్ల ముందు పోశవ్వ నిలబడి చెబుతుంటే గుమాస్తా కలం ఆగిపోవడం కనపడింది. వరుసల వెంట వచ్చే పళ్ళెం కనపడింది. పిల్ల చేతులకు బూడిద లేకపోవడం కనపడింది. చొక్కా పట్టి వెనక్కి లాగిన చెయ్యి కూడా కనపడింది. అది కనపడకపోతే బాగుండుననుకున్నాడు.

"సదయ్యకు ఎన్నేండ్లు?"

"పద్దెనిమిది నిండినయి."

"చెప్పకు" అన్నాడు.

"కొడుకా—"

"చెప్పకు అవ్వా. పో."

పోశవ్వ అతని కాళ్ళ వైపు వంగబోయింది. పొయ్యి దగ్గర నుంచి సుసన్నా లేచింది.

"కాళ్ళు మొక్కకు. ఆయన ఇచ్చుకున్నడు, ఆయనిష్టం. నేనియ్యలె." ఆమె గొంతు నిలకడగా ఉంది. "నా పిల్ల బడి నేనియ్యలె. దేవుడు నన్ను అడిగితే ఆయనకు గూడ గిదే చెప్త. నీ కొడుకు బతకనీ. శాపం పెట్టను. గని డ్యూటీకి పోయేటప్పుడు మా గుడిసె ముంగట నుంచి పోవద్దని చెప్పు. నేను సూడలేను."

పోశవ్వ తలూపింది. లేవడానికి ఆమెకు సాయం కావలసి వచ్చింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. నేల మీద చెయ్యి ఆనించి తనే లేచింది.

నెల తర్వాత సదయ్యకు ఉత్తర్వు వచ్చింది. మొదటి డ్యూటీ రోజు తీతు బట్టీ మీద ఉన్నాడు. దగ్గరి దారి వాళ్ళ గుడిసె ముందు నుంచే ఉంది. ఆ పిల్లవాడు ఆ దారి వదిలి, కొత్త బూట్లతో కంకర రాళ్ళ మీద జారుతూ, రైలు కట్ట మీదుగా చుట్టు తిరిగి బాయికి వెళ్ళాడు.